చెరువునీటిలోని కశాభజీవులు

వానకాలము గడచిన పిమ్మట నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు పశువులు దిగు కుంటలను జూచితిరేని, కొన్ని దినములలో నీరు పచ్చబాఱుట కనుపించును. జనులు దీనిని పాచి యందురు. పాచి కొంత దారములవలె నుండి చేతికి చిక్కును. కాని చేతికి చిక్కక నీటినే పచ్చగా మార్చునది వేఱొకటి కలదు. అట్టి నీటిబొట్టు నొకదానిని గాజుపలకపై నుంచి సూక్ష్మదర్శినితో జూచిన యెడల, అందు ఈదులాడు జీవులు వందలకొలది గానవచ్చును.

వీనిలో ముఖ్యమైనది యూగ్లీనా. దీని దేహమంతయు నొక్కటే కణము. పొడవు ఇంచుమించు మిల్లీమీటరులో 20వ వంతు. దీనికి కాళ్లు లేవు, రెక్కలు లేవు. ముందుభాగమున కొరడా వంటి సన్నని పోగు కలదు. కశ యనగా కొరడా గావున నీ పోగును కశాభ మందురు. దానిని ఆడించుచు నీ జీవి ఈదును. పోగు మొదట నున్న యెఱ్ఱని చుక్క వెలుతురు వచ్చు దిక్కును గుర్తించుటకు తోడ్పడును. దేహమున పత్రహరిత ముండుటచే ఎండలో చెట్టువలె తన యాహారమును తానే చేసికొనును. చీకటిలో నీట కరగిన పోషకమును పీల్చుకొని బ్రదుకును. అందువలన నిది వృక్షమా, జంతువా యని శాస్త్రజ్ఞులు చిరకాలము వాదించిరి. సంతానవృద్ధికై నిలువున రెండుగా చీలును. కుంట యెండునపుడు కొన్ని గుండ్రనై, గట్టిపొర గప్పుకొని వాన కొఱకు వేచియుండును. ఎండిన కుంట మరల పచ్చబాఱుట కిదియు నొక కారణము.

పేడయు, కుళ్లిన యాకులును చేరిన నిలువనీటిలో యూగ్లీనా మిక్కిలిగా పెరుగును. కావున పచ్చనినీరు మలినమునకు గుఱుతు. అట్లని తేటనీరెల్ల మంచిదని తలంపరాదు. కుందూనదిలోనిదైనను, కె.సి. కాలువలోనిదైనను, కంటికి నిర్మలముగ దోచు నీటిలో జియార్డియా యను జీవి యుండవచ్చును. దీనికి రెండు కేంద్రకములు, ఎనిమిది కశాభములు కలవు. మలముతో వెలువడిన దీని కోశములు చల్లనినీటిలో వారములకొలది బ్రదికియుండి, త్రాగినవారి ప్రేవులలో చేరి విరేచనములు కలిగించును. పిల్లలు దీనివలన కృశింతురు. నీటిలో సాధారణముగా కలుపు క్లోరిను దీనిని సులభముగా చంపజాలదు. తెర్లకాచిన నీటిలో నిది బ్రదుకదు. 1681లో హాలెండు దేశీయుడగు లీవెన్‌హుక్ విరేచనములతో బాధపడుచు, తన మలమునందే యీ జీవిని మొదట గాంచెను.

మఱియొక కశాభజీవి నీటిలోగాక ఇసుకదోమ కడుపున పెరిగి, దాని కాటువలన మనుష్యుని జేరి కాలాఅజార్ అను జ్వరమును కలిగించును. 1903లో మద్రాసునందు చార్లెస్ డోనవన్ రోగుల ప్లీహమున దీనిని గనుగొనెను. అదే సంవత్సరమున లండనునందు లీష్మన్ దీనినిగూర్చి ప్రకటించెను. వారిరువురి పేరిట రొనాల్డ్ రాస్ దీనికి లీష్మేనియా డోనవని యని నామకరణ మొనర్చెను.

విద్యార్థులారా! సృష్టిలో నల్పమని త్రోసివేయదగిన దేదియు లేదు. కుంటనీటి బొట్టును సూక్ష్మదర్శినితో జూచి యానందింపుడు. త్రాగునీటిని మాత్రము కాచి, చల్లార్చి, మూతపెట్టి వాడుడు. ఈ సంగతి యింట మీ తల్లులకు, తమ్ములకు, చెల్లెండ్రకును తెలుపుడు. నేర్చిన విద్య యింటివారి కుపయోగపడినప్పుడే సార్థకము.