40 ఏళ్ల నాటి సింథసైజర్ కొనమంటున్నారా మీ పిల్లలు?

గత నెల పేరెంట్–టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి మాట్లాడటం అయిపోయాక, ఒక తల్లి తన ఫోన్ తీసి నా ముందు పెట్టారు. అందులో ఒక పాత కీబోర్డు ఫొటో ఉంది. రోలాండ్ జూనో-106. ధర రూ. 45,000. "సార్, మావాడు రెండు వారాలుగా ఇదే గొడవ. పుట్టినరోజుకి బట్టలు కూడా వద్దట, ఇదే కావాలట. చూస్తే నా వయసంత ఉంది దీనికి. ఇంత డబ్బు పెట్టి కొనొచ్చా?" అని అడిగారు. అబ్బాయి తొమ్మిదో తరగతి. తల దించుకుని పక్కన నిలబడ్డాడు కానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ని. పాత ఎలక్ట్రానిక్ వాయిద్యాల పిచ్చి కూడా కొంత ఉంది. వెనక ఇంకా పదిమంది తల్లిదండ్రులు వేచి ఉండటంతో ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతా సగం కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఆమె తర్వాత ఇంకో ఇద్దరు ఇదే ప్రశ్న అడిగారు.

ముందు అసలు అదేమిటో చూద్దాం. మన ఇళ్లలో కనిపించే కాసియో లాంటి కీబోర్డులో పియానో, ఫ్లూట్, తబలా శబ్దాలు ముందే తయారుచేసి పెట్టి ఉంటాయి. కీ నొక్కితే అందులోదే వినిపిస్తుంది. అనలాగ్ సింథసైజర్‌లో అలా దాచిపెట్టిన శబ్దమేదీ ఉండదు. లోపల ఒక సర్క్యూట్ రంపపు పళ్ల ఆకారంలోనో, చతురస్రాకారంలోనో కరెంటు తరంగాన్ని పుట్టిస్తుంది. ఆ ముడి శబ్దం వింటే కందిరీగ రొదలా ఉంటుంది. దాన్ని ఫిల్టర్ అనే జల్లెడలో పోసి, పైస్థాయి ఫ్రీక్వెన్సీలను కావలసినంత తీసేస్తే మెత్తబడుతుంది. చివర్లో ఆ శబ్దం ఎంత వేగంగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా తగ్గాలి అన్నది ఇంకో సర్క్యూట్ నిర్ణయిస్తుంది. వీణ తీగ మీటితే శబ్దం ఠక్కున లేచి మెల్లగా తగ్గిపోతుంది. నాదస్వరం ఊదినంతసేపూ నిలుస్తుంది. ఈ రెండింటికీ ఉన్న తేడాను నాలుగు స్లయిడర్లతో చేసి చూడొచ్చు.

తొమ్మిదో తరగతి సౌండ్ పాఠంలో మేం బోర్డు మీద గీసే ఫ్రీక్వెన్సీ, యాంప్లిట్యూడ్ ఇక్కడ చేతికి తగులుతాయి. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో మొదలుపెట్టిన యంత్రాల్లో ఒక పద్ధతి ఉండేది: వోల్టేజీ 1 వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పెరుగుతుంది. అంటే మధ్యస్థాయి షడ్జం నుంచి తారస్థాయి షడ్జానికి దూరం సరిగ్గా 1 వోల్టు. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడు సంగీతం నేర్చుకుంటున్న పిల్లల కళ్లు ఎలా వెలుగుతాయో నేను చూశాను. అందుకే ఆ అబ్బాయి కోరికను పిచ్చికోరిక అనను. కొనాలా వద్దా అన్నది వేరే లెక్క.

ఇక ధర. 1983లో యమహా డీఎక్స్7 అనే డిజిటల్ సింథసైజర్ వచ్చింది. దాని దెబ్బకు అనలాగ్ యంత్రాలు పాతబడిపోయి, సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా దొరికేవి. రోలాండ్ టీబీ-303 అనే చిన్న పెట్టె సంగతే చూడండి. గిటార్ వాయించేవారికి తోడుగా బేస్ వాయించడానికి తయారుచేశారు. ఎవరికీ నచ్చలేదు, 1984లో ఆపేశారు. చవగ్గా కొనుక్కున్న షికాగో కుర్రాళ్లు దాని నాబ్‌లు అడ్డదిడ్డంగా తిప్పి కొత్త రకం డ్యాన్స్ సంగీతమే పుట్టించారు. వాళ్లకంటే ముందే, 1982లో, ముంబయి సినిమా సంగీతంలో పనిచేసే చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెతో పది రాగాలను డిస్కో తాళంలో రికార్డు చేశారు. స్వరం నుంచి స్వరానికి జారే గుణం ఆ పెట్టెలో ఉండటం ఆయనకు కలిసొచ్చింది. ఆ రికార్డును అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విన్నది.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ఆయన వాడిన జూపిటర్-8 నేడు లక్షల్లో పలుకుతోంది. జూనో-106 మంచి స్థితిలో ఉంటే బయటి దేశాల్లోనే మన లెక్కలో లక్ష దాటుతుంది. మరి 45,000కు ఎందుకు ఇస్తున్నారు? ఆ తల్లిని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ప్రకటన కింద చిన్న అక్షరాల్లో జవాబు ఉంది: "అప్పుడప్పుడు ఒక నోట్ పలకదు, చిన్న సమస్య."

అది చిన్న సమస్య కాదు. జూనో-106లో ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతాయి. ఒక్కో స్వరానికి ఒక్కో చిప్. 80017ఏ అనేది దాని నంబరు. ఆ స్వరం తాలూకు ఫిల్టర్, వాల్యూమ్ రెండూ దానిలోనే ఉంటాయి. ఆ చిప్‌కు రక్షణగా వేసిన నల్లటి పూతే ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని పాడుచేస్తుంది. ఆరు చిప్‌లూ ఒకే వయసువి. ఒకటి పోయిందంటే మిగతా ఐదూ వరసలో నిలబడి ఉన్నట్టే. కెపాసిటర్లు, బటన్ బ్యాటరీలు మన కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఈ చిప్ దొరకదు. దానికి బదులుగా తయారుచేసినవి విదేశాల నుంచి తెప్పించుకోవాలి. పాతదాన్ని జాగ్రత్తగా ఊడదీసి కొత్తది అతికించే చెయ్యి కూడా కావాలి.

ఎలా కనిపెట్టాలి? ముందుగా కోరస్ బటన్ ఆపేయమనండి. జూనోకు అంత పేరు తెచ్చింది ఆ కోరసే. లోపల లోపాలను తియ్యగా కప్పిపెట్టేదీ అదే. తర్వాత ఒకే కీని ఆగి ఆగి పన్నెండు సార్లు నొక్కండి. ప్రతి నొక్కుకీ యంత్రం తర్వాతి చిప్‌కు మారుతుంది. పన్నెండూ ఒకేలా వినిపించాలి. ప్రతి ఆరోసారి శబ్దం రాకపోయినా, గరగరలాడినా, నీరసంగా ఉన్నా ఒక చిప్ పోయినట్టు. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే టెస్ట్ మోడ్ వస్తుంది. ఏ స్వరం పలుకుతోందో డిస్‌ప్లేలో అంకె చూపిస్తుంది. ఇది తెలిసిన కొనుగోలుదారుతో అమ్మేవారి మాటతీరే మారిపోతుంది.

ఏ మోడల్‌కైనా పనికొచ్చే జాగ్రత్తలు ఇంకొన్ని ఉన్నాయి. మీరు వెళ్లేసరికి మిషన్ ఆన్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. కొన్ని లోపాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, కొన్ని అరగంట వేడెక్కాక. కాబట్టి అరగంటైనా అక్కడే ఉండండి. టీ ఇస్తే తాగండి. ఏ కీ నొక్కకపోయినా గుయ్‌మని హమ్ వస్తుంటే పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించాలి. స్లయిడర్ కదిపితే కరకరలాడటం దుమ్ము పని, దానికి భయపడనక్కర్లేదు. ఒకటి రెండు కీలు పలకకపోవడం కూడా చాలాసార్లు కింద ఉన్న రబ్బరు కాంటాక్ట్ మురికే. కానీ తల్లిదండ్రులు వీటికే భయపడి, పైన గీతలు చూసి బేరమాడి, అసలు లోపాన్ని వదిలేస్తారు. ఒక శబ్దాన్ని మెమరీలో దాచి, ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడండి. అది పోతే లోపల బ్యాటరీ అయిపోయింది. అయిపోవడం కన్నా కారడం ప్రమాదం. 1981 నాటి కోర్గ్ పాలీసిక్స్‌లో ఆ బ్యాటరీ కారి సర్క్యూట్ బోర్డునే తినేస్తుంది. మూత తెరిచి చూపించమని అడగడంలో తప్పులేదు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఏళ్ల తరబడి ఉన్న వస్తువైతే తుప్పు కోసం మరీ చూడాలి.

పాతదంతా అనలాగ్ కాదు, ఇదొకటి గుర్తుంచుకోండి. యమహా డీఎక్స్7, 1987 నాటి రోలాండ్ డీ-50, 1988 నాటి కోర్గ్ ఎం1 మంచి వాయిద్యాలే. కానీ అవి డిజిటల్. "వింటేజ్ అనలాగ్" అని రాసి వీటిని అమ్మితే అమ్మేవారికి తెలియదు, లేదా మనకు తెలియదని అనుకుంటున్నారు. నిజంగా అనలాగ్ అయి, ధర కాస్త అందుబాటులో ఉండేది 1983 నాటి కోర్గ్ పాలీ-800. దానిలో ఎనిమిది స్వరాలకూ కలిపి ఒకటే ఫిల్టర్. పైగా స్లయిడర్లు ఉండవు, అంకెలు నొక్కి మార్చుకోవాలి. శబ్దాన్ని చేత్తో మలచడం కోసమే మీ పిల్లలు అడుగుతుంటే, చవక కదా అని ఇది కొని వాళ్ల ఉత్సాహం చంపొద్దు.

ఇప్పుడు కరెంటు సంగతి. ఇది చదవకుండా పేజీ తిప్పొద్దు. మన ఇళ్లలో 230 వోల్టులు. జపాన్‌లో 100, అమెరికాలో 120. డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడో మరిదో అక్కడ చవగ్గా కొని తెస్తానంటే, మిషన్ వెనక లేబుల్ ఫొటో తీసి పంపమనండి. అందులో 230 గానీ 240 గానీ లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేనిదే ప్లగ్ పెట్టకూడదు. ఎయిర్‌పోర్టులో అమ్మే ప్లగ్ అడాప్టర్ పిన్ను ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఫిజిక్స్ చదివిన నేనే ఒకప్పుడు జపాన్ నుంచి వచ్చిన చిన్న రిథమ్ బాక్స్‌ను అలాంటి అడాప్టర్‌తో తిన్నగా గోడలో పెట్టాను. రెండు సెకన్లు వెలిగింది. తర్వాత గదంతా కాలిన వాసన. ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. జూనో లాంటిది దాదాపు మీటరు పొడవు, పది కిలోల బరువు. పెట్టెలో సర్దాక విమానం లగేజీ కొలతలు దాటవచ్చు. పార్శిల్‌లో తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ కలుస్తాయి. ఈ అంకెలు ముందే కనుక్కుని, రిపేరుకు కొంత పక్కన పెట్టి, అప్పుడు బడ్జెట్ చెప్పండి. మీ దగ్గర 50,000 ఉంటే 50,000 వస్తువు కొనకూడదు. నేనైతే 30,000 దాటను. మీ ఊళ్లో దాన్ని బాగుచేసేవారు ఎవరో కూడా తెలుసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వను.

ఇంత చేసి కూడా, మొదటి వాయిద్యంగా పాతదాన్ని నేను సిఫారసు చేయను. సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్ పూర్తిగా ఉచితం. వీసీవీ ర్యాక్ అనే దానిలో కూడా ఉచిత వెర్షన్ ఉంది. దానిలో మూగ్ కాలం నాటి 1 వోల్టు లెక్కతోనే, తెర మీద వైర్లు కలుపుకుంటూ పోవాలి. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ చాలు. మూడు నెలలు దీనిమీద కూర్చోనివ్వండి. మీరూ ఒకసారి పక్కన కూర్చుని, ఫిల్టర్ అంటే ఏమిటో వివరించమని అడగండి. వివరిస్తూ భోజనం మరిచిపోతే ఆ కోరిక నిజమైనదే. అప్పుడు నాబ్‌లున్న చిన్న కొత్త అనలాగ్ యంత్రం చూడొచ్చు. 2013 నుంచి వస్తున్న కోర్గ్ వోల్కా కీస్ అరచేయికన్నా కాస్త పెద్దది, మూడు స్వరాలు, మామూలు ఏఏ బ్యాటరీలతోనూ నడుస్తుంది. అదే ఏడాది వచ్చిన ఎంఎస్-20 మినీ, 1978 నాటి యంత్రానికి చిన్న రూపం. కొత్తవాటికి వారంటీ ఉంటుంది, విడిభాగాల కోసం దేశాలు వెతకక్కర్లేదు. పాతదాని మీద మోజు అప్పటికీ తీరకపోతే, ఈ లోపు వాడికి వచ్చిన వినికిడితో లోపమున్న చిప్‌ను మీకంటే నాకంటే ముందు వాడే పట్టేస్తాడు.

ఆ తల్లీ కొడుకులు ఆదివారం వెళ్లి ఆ జూనోను చూసొచ్చారు. పన్నెండు నొక్కుల్లో నాలుగోదీ పదోదీ పలకలేదట. అబ్బాయి దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి సోమవారం లంచ్ టైమ్‌లో నాకు వినిపించాడు, "సార్, ఐదోది కూడా తేడాగా ఉంది, వినండి" అంటూ. నేను రెండోసారి వింటేగానీ పట్టలేకపోయాను. అమ్మేవారు ధర తగ్గించనన్నారు, వీళ్లు తిరిగొచ్చేశారు. ఇప్పుడు ఇంట్లో లాప్‌టాప్ మీద పని నడుస్తోంది. మొన్న ఆమె నుంచి మెసేజ్ వచ్చింది: "సార్, స్పీకర్లు కొనాలా, హెడ్‌ఫోన్లా?" హెడ్‌ఫోన్లే అని రాశాను. వాళ్ల పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్ సెకండియర్.