పాత వంటయింటికి క్రొత్త రూపు

పల్లెలో ఇల్లు కట్టునపుడు సింహద్వారమునకును, వసారాకును చూపు శ్రద్ధ వంటయింటిపై చూపువారు తక్కువ. అన్నిటికి చోటు కేటాయించిన పిమ్మట మిగిలిన మూల వంటకు దక్కును. పట్టపగలు కూడ దీపము లేనిదే కానరాని గది, పొగచూరి నల్లబడిన దూలములు, జానెడు కిటికీ, నేలమీద మట్టిపొయ్యి, దాని ప్రక్కనే కట్టెల మోపు, గోడ వారగా నీళ్ల బిందెలు: నలుబది ఏబది యేండ్ల క్రిందట కట్టిన పెంకుటిండ్లలో ఇట్టి వంటయిండ్లు నేటికిని కానవచ్చుచున్నవి. వీనిలో పెక్కింటికి గ్యాసు పొయ్యి వచ్చినది, మిక్సీ వచ్చినది. గది మాత్రము మారలేదు.

చేతిలో నాలుగు డబ్బులు ఆడినపుడు ఆ గదిని బాగుచేయించవలెనను కోరిక కలుగుట సహజము. వెంటనే మేస్త్రీని పిలుతురు. నల్లరాతి గట్టు, గోడలకు మెరుగు పలకలు, గోడ బీరువాలు అని లెక్క మొదలగును. లెక్క ముగియునప్పటికి సొమ్ము కూడ ముగియును. కిటికీ జానెడుగానే మిగులును; అంట్ల నీరు వెనుకటివలెనే పెరటిలో మడుగు కట్టుచుండును. కనుక సొమ్ము కొద్దిగా ఉన్నవారు ముందు చేయవలసిన పనిని ముందు ఎంచుకొనవలెను. పొగ పోవు దారి, వెలుతురు వచ్చు దారి, నీరు పోవు దారి, ఈ మూడును మొదటివి. వంట చేయు ఇల్లాలి ఒడలికి సరిపడు గట్టు వాని తరువాతిది. మెరుగు పలకలు చిట్టచివరివి. అవి లేకున్నను నష్టము లేదు.

పొగ సంగతి

పొగ కంట నీరు పెట్టించునదే గదా, దానికింత ఆలోచన యెందుకని కొందరందురు. కట్టెలు, పిడకలు, ప్రత్తికట్టె సరిగా కాలనపుడు పుట్టు పొగలో కంటికి కానరాని సన్నని రేణువులును, బొగ్గుపులుసువాయువుకంటె ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును ఉండును. ఆ రేణువులు ఊపిరితిత్తుల లోపలి పొరలవరకు చేరును. ఆయాసము, గుండెజబ్బు, కంటిలో శుక్లములు దీనివలన హెచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఇండ్లలోని ఇట్టి పొగ మూలమున 2020వ సంవత్సరములో ప్రపంచమంతట 32 లక్షలమంది మరణించిరి. వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్లలోపు పసివారు. పొగలో పెరుగు బిడ్డకు న్యుమోనియా వచ్చు అవకాశము ఇంచుమించు రెట్టింపగునని ఆ సంస్థయే తెల్పుచున్నది. చంకలో బిడ్డ నుంచుకొని పొయ్యి ఊదు తల్లి ఈ విషయమును తప్పక తెలిసికొనవలెను.

పొగలేని పొయ్యి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితోనే కట్టుకొనదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, దానిని గూర్చి 1953లో పుస్తకము ప్రకటించిరి. ఒకే మంట వరుసగా ఒకటికి మించిన పాత్రలకు తగులుచు పోయి, పొగ గొట్టము ద్వారా కప్పుపైకి వెడలుట అందలి కిటుకు. అటుపిమ్మట 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించి, 2002 వరకు నడిపినది. కోట్లకొలది పొయ్యిలు కట్టబడినవి. కాని వానిలో పెక్కు నిలువలేదు. గొట్టములో మసి పేరుకొన్నది, తీయువారు లేరు. పొయ్యి కంతలు ఇంటిలోని పాత్రలకు సరిపడలేదు. మట్టి బీటలువారినపుడు మెత్తువారు లేరు. ఒడిశాలో సుమారు 2,600 కుటుంబములను నాలుగేండ్లు పరిశీలించిన పరిశోధన యొకటి 2016లో ప్రకటింపబడినది. మొదటి యేట పొగ కొంత తగ్గినదనియు, పిమ్మట పొయ్యిని సరిగా వాడక, మరమ్మతు చేయక పోవుటచే ఆ లాభము కూడ పోయినదనియు అందు తేలినది. పొయ్యి కట్టుటతో పని తీరదు; దానిని నెలనెల చూచుకొనుట అంతకంటె పెద్దపని.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో దీపము పథకమువలనను, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమువలనను గ్యాసు పల్లెలకు చేరినది. పొగకు ఇదియే సరియైన విరుగుడు. అయినను ఎన్నో ఇండ్లలో అన్నము కూర గ్యాసుపై వండి, స్నానపు నీళ్లు కాచుటకు, పశువుల దాణా ఉడికించుటకు కట్టెలపొయ్యిని ఉంచుకొనుచున్నారు. అది ఖర్చు తగ్గించు ఉపాయమే, తప్పు పట్టనక్కరలేదు. కాని ఆ రెండవ పొయ్యి వంటయింటి లోపల ఉండరాదు. పెరటిలో మూడు ప్రక్కల తెరపియైన చిన్న చావడి వేసి, అందు పెట్టుకొనవలెను. వంటయింటి కిటికీకి ఎదురుగా పెట్టినచో పొగ తిరిగి లోనికే వచ్చును.

కట్టెలపొయ్యియే ఆధారమైన ఇంట పొగగొట్టము తప్పదు. నాలుగు అంగుళముల వెడల్పుగల కాల్చిన మట్టిగొట్టము గాని, రేకు గొట్టము గాని చాలును. అది కప్పు వెన్నుగట్టునకు పైన రెండడుగులు లేచియుండవలెను. అంతకు తక్కువైనచో గాలి వీచినపుడు పొగ వెనుకకు తన్నును. పైన వానకు టోపీ ఉండవలెను. నెలకొకసారి గుడ్డ కట్టిన పొడవు వెదురుతో మసి దులుపవలెను. తాటాకు కప్పు గల ఇంట గొట్టము ఆకును తాకరాదు, చుట్టును రేకు పట్టీ వేసి జానెడెడము విడువవలెను. వెనుకటి రోజులలో ఆస్‌బెస్టాసు గొట్టములు వాడెడివారు. వానిని కోసినను, పగులగొట్టినను రేగు ధూళి క్యాన్సరునకు కారణమగును. పాత గొట్టము ఉన్నచో నీటితో తడిపి, పగులనీయక నిలువునా దింపించుడు.

పెద్దలు చెప్పు మాట యొకటి ఉన్నది. పొగ తగిలిన వాసములకు పురుగు పట్టదు, పొయ్యిపైన వ్రేలాడగట్టిన మొక్కజొన్న కంకులు విత్తనమునకు నిలుచును. ఇది నిజమే. కాని వాసములను జీడినూనె పూసియు, విత్తనములను బాగుగా ఎండబెట్టి గాలి చొరని డబ్బాలలో పోసియు కాపాడవచ్చును. ఊపిరితిత్తులకు అట్టి ఉపాయము లేదు.

వెలుతురు, గాలి

ఎనిమిదడుగుల వెడల్పు, పదియడుగుల పొడవు గల గదిని తీసికొందము. నేల 80 చదరపుటడుగులు. కిటికీలు, పై గవాక్షములు కలిపి ఇందులో ఆరవవంతు, అనగా ఇంచుమించు 13 చదరపుటడుగుల తెరపి యుండుట మంచిది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ యొకటి, దానికెదురు గోడలో కప్పుక్రింద చిన్న గవాక్షము పెట్టినచో లెక్క సరిపోవును. వేడిగాలి పైకి లేచునదగుటచే ఆ గవాక్షము మిక్కిలి ముఖ్యము. మంగుళూరు పెంకుల ఇంట రెండు పెంకులు తీసి గాజుపెంకులు వేసినచో గోడ కోయు పని లేకయే వెలుతురు వచ్చును. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభమిచ్చు మార్పు వంటయింటిలో మరియొకటి లేదు.

మట్టిగోడను కిటికీకై కోయునపుడు జాగ్రత్త వలయును. దూలము ఆనినచోట క్రింద కోయరాదు. కోయుటకు ముందు కప్పుకు గుంజలు పోటీ పెట్టవలెను. కిటికీపైని లింటెలు ఇరుప్రక్కల కనీసము తొమ్మిదంగుళములు గోడలోనికి చొరవలెను. గోడ వానకు నానియున్న కాలములో ఈ పని తలపెట్టరాదు.

వంటకు ఆగ్నేయమూల అనువైనదను ఆచారము గాలి తీరుకు కూడ సరిపోవుచున్నది. నైరృతి గాలి వీచునపుడు ఆ మూలలోని పొగ ఈశాన్యముగా, ఇంటికి వెలుపలినుండియే సాగిపోవును. ఈశాన్యపు గాలిలో నైరృతముగా, అదియును వెలుపలినుండియే పోవును. ప్రొద్దుటి ఎండ తూర్పు కిటికీలోనుండి పడును. సముద్రతీరపు ఊళ్లలో మాత్రము వేసవి మధ్యాహ్నములందు సముద్రపు గాలి ఆగ్నేయమునుండి వీచి పొగను ఇంటిలోనికి తోయును. అచ్చటివారు పొగగొట్టము విషయమున మరింత శ్రద్ధ వహింపవలెను. వంటయిల్లు మరియొక మూల నున్నదని పడగొట్టి కట్టనక్కరలేదు. కిటికీ సరియైన వైపున పెట్టుకొన్నచో చాలును.

నీరు

అంట్ల నీరు నిలిచినచోట దోమలు పుట్టును. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు దోమకు మురికినీరే పుట్టిల్లు. వంటయింటి నేలను తూమువైపు పదియడుగులకు అంగుళమున్నర వాలునట్లు వేయించుడు. తూమునకు సన్నని జాలీ బిగించినచో మెతుకులు, కూరతొక్కలు గొట్టములో పడవు. అటనుండి నీటిని అరటి, చేమ పాదులకు మళ్లించుట మన ఇల్లాండ్రకు తెలిసిన పద్ధతియే. పెరడు లేనివారు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గల ఇంకుడుగుంత త్రవ్వి, క్రింద పెద్దరాళ్లు, పైన చిన్నరాళ్లు నింపవలెను. బావికి గాని బోరుకు గాని అది 50 అడుగుల దూరమున నుండవలెను.

గట్టు ఎత్తు

మేస్త్రీలు గట్టును తమకు అలవాటైన ఎత్తులో కట్టి పోవుదురు. వంట చేయునది మేస్త్రీ కాదు. ఇల్లాలు గోడ ప్రక్క నిలిచి మోచేయి మడిచిన చోట బొగ్గుతో గీత గీయవలెను. కూరలు తరుగుటకు, పిండి పిసుకుటకు గట్టు ఆ గీతకు నాలుగు మొదలు ఆరంగుళములు క్రిందుగా నుండవలెను. అయిదడుగుల ఎత్తుగల స్త్రీకి ఇది 32 అంగుళముల ప్రాంతమున వచ్చును. గ్యాసు పొయ్యి ఉంచు భాగము దీనికంటెను అయిదంగుళములు దిగువగా నుండవలెను; ఏలయన పొయ్యి ఎత్తు, దానిపై గిన్నె ఎత్తు తోడగును. అట్లు దింపనిచో గంజి వార్చునపుడు చేతులు భుజములవరకు ఎత్తవలసివచ్చును. వేడిగంజి ఒలికి కాలుట ఇట్టి గట్లవద్దనే. అత్తాకోడండ్రు ఇద్దరును వండు ఇంట పొట్టివారి కొలతయే తీసికొనుట మేలు.

గట్టు వచ్చినదని రోలు, కత్తిపీట తీసివేయనక్కరలేదు. ముదుసలి స్త్రీలకు కూర్చుండి పనిచేయుటయే సుఖము. కిటికీ వెలుతురు పడుచోట వానికి రెండు గజముల చోటు విడువుడు. గట్టునకు కడప బండ చవుకగా దొరకును. అది సున్నపురాయి జాతి గనుక నిమ్మరసము, చింతపండు పులుసు పడినచో మరక పట్టును, వెంటనే తుడువవలెను.

గ్యాసు బండనుగూర్చి రెండు మాటలు. ఈ వాయువు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలబారుగా పరచుకొనును. కనుక పై కిటికీ యొక్కటి చాలదు, నేలకానుకొని వెలుపలికి చిన్న కంత ఉండవలెను. బండను నిలువుగా, పొయ్యికంటె దిగువున ఉంచవలెను; గాలి చొరని గట్టు అరలో బంధింపరాదు. కిటికీ పొయ్యికి సరిగా వెనుక నున్నచో గాలికి మంట ఆరి వాయువు కారును, కావున ప్రక్కకు పెట్టించుడు. రబ్బరు గొట్టమును అయిదేండ్ల కొకసారి మార్చవలెను. వాసన వచ్చినచో దీపపు మీట వేయరాదు, ఆర్పరాదు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, వెలుపలికి వచ్చి 1906 నెంబరుకు ఫోను చేయవలెను.

పంటలు ఇంటికి చేరిన పిమ్మట, మృగశిర ప్రవేశించుటకు ముందు ఈ పనులకు అనువైన కాలము. పని జరుగు దినములలో పెరటి పందిరిక్రింద వండుకొనవచ్చును. ముందుగా గోడ కోయించి కిటికీ, గవాక్షము నిలిపి, తరువాత తూము, నేల వేయించి, పిమ్మట గట్టు కట్టించుడు. ఆ క్రమము తప్పినచో క్రొత్త నేలపై పాతగోడ మట్టి పడి రెండు ఖర్చులగును. గోడలకు రెండు పూతల తెల్లసున్నము వేయించినచో ఉన్న వెలుతురే ఇబ్బడి యగును. మట్టిపొయ్యి క్రొత్తగా వేసినవారు దానిని పదిదినములు నీడను ఆరనిచ్చి, మొదటి రెండుమూడు నాళ్లు చిదుగులతో చిన్న మంట మాత్రమే పెట్టవలెను. తడిమట్టిపై ఒక్కసారిగా పెద్దమంట వేసినచో పొయ్యి పగులును.