వెబ్‌సైటు చేయువారిని పనికి పెట్టుకొనుట

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల మన నేత కుటుంబములలో చీరల ఫొటోలను వాట్సాప్‌లో పంపి అమ్ముకొనుట ఇప్పుడు వాడుకయైనది. సొంత వెబ్‌సైటు పెట్టుకొనవలెనను కోరికయు కొందరికి కలిగినది. బెంగుళూరు దగ్గరే గనుక విడిగా పనిచేయు డెవలపర్లకు కొదువ లేదు. మంచివానిని పోల్చుకొనుటయే కష్టము. (వాడుక ఖాతాదారులతోనే మగ్గమునకు పని సరిపోవువారికి ఈ ఖర్చు అక్కరలేదని మా అభిప్రాయము.)

మాకు జరిగినది మొదట చెప్పెదము. మాకు సైటు చేసియిచ్చిన అతడు దాని పేరును, అనగా డొమైనును, తన ఈమెయిలుతో తన ఖాతాలోనే తీసుకొనెను. డబ్బు మాది, పేరు అతనిది. ఏడాది గడువు ముగియునప్పటికి అతని ఫోను పలుకలేదు. ఆ పేరుతోనే కార్డులు అచ్చు వేయించియుంటిమి. తెరచి చూచినవారికి ఏమియు కనబడలేదు. కావున డొమైనును ఇంటివారి పేరనే, ఇంటివారి ఫోను, ఈమెయిలుతోనే కొనవలెను. డాట్ ఇన్ అను ముగింపుగల పేర్ల దాఖలాను మన దేశమున నిక్సీ అను సంస్థ చూచును. ఆ దాఖలాలో మన పేరే ఉన్నదా అని చూచుకొనవలెను.

కొత్తగా వచ్చిన నేతగానికి పట్టుచీర పడుగు ఒకేసారి అప్పగింపము గదా! ఇచ్చటను అంతే. అతడు చేసిన సైట్లు రెండు మూడు అడిగి, అతని ల్యాప్‌టాపులో గాక మన ఫోనులో, మన ఊరి సిగ్నలుతో తెరచి చూడవలెను. బొమ్మలు రాక చక్రము తిరుగుచుండినచో ఫొటోలను తేలికచేయుట అతనికి తెలియదేమో అని అనుమానింపవలెను. ఆ సైటు యజమానికి ఫోనుచేసి, "ధర మార్చవలెనన్న మీరే మార్చుకొందురా, అతనిని పిలువవలెనా?" అని అడుగుడు.

మన సరుకుకు మరియొక చిక్కు కలదు. మిల్లు బట్టవలె ఒకే రకము వందలుగా ఉండదు. ఒక్కొక్క చీర ఒక్కటే. ఒకరు కొనిన వెంటనే మరియొకరికి అది అమ్ముడుపోకుండునట్లు ఎట్లు చేయుదువని అతనినే అడుగవలెను. దీనికి తడుముకొనువాడు బొమ్మలెంత అందముగా పేర్చినను మన పనికి రాడు. తెలుగు, కన్నడ అక్షరములు యూనికోడులో ఉండవలెను. బొమ్మగా అతికించినచో వెదకువారికి సరిగా దొరకవు.

మొదట ఐదు చీరలతో ఒక పేజీ చేయించి, దాని కూలి అప్పుడే ఇచ్చివేయవలెను. ఊరక చేయించుకొనుట తగదు. మన కూలి ఎగగొట్టినచో మనకెట్లుండును? పని నచ్చినచో తక్కినదానికి బయానా కొంత, నడుమ కొంత ఇయ్యవచ్చును.

ఒప్పందము కాగితముమీద ఉండవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, జీతగాడుగాక విడిగా పనిచేయువాడు వ్రాసిన కోడుపై హక్కు, వేరు ఒప్పందము లేనిచో, అతనిదే. డబ్బిచ్చినంత మాత్రమున మనది కాదు. హక్కు మనకు బదిలీ చేసితినని సంతకముతో వ్రాయించుకొనవలెను. గడువు వ్రాయనిచో 5 సంవత్సరములకే ఇచ్చినట్లు చట్టము ఎంచును; గనుక "హక్కు ఉన్నంతకాలము" అని స్పష్టముగా వ్రాయింపుడు. ఏటేటా అయ్యెడి ఖర్చులును అందే చేర్చవలెను.

కొనువారి డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాకే చేరవలెను. ఓటీపీ వచ్చినచో మనమే నొక్కవలెను. అప్పగింతనాడు అతని ఎదుటనే పాస్‌వర్డులన్నియు మార్చి, ఒక చీర ధరను మన చేతితో మార్చి చూచి, అటుపిమ్మట చివరి కంతు ఇయ్యవలెను.