బోర్డు పెట్టే ముందు

హైదరాబాద్

చిరంజీవి అమ్మడికి,

ఆన్‌లైన్ కోర్సు అయిపోయిందనీ, విజయవాడలో సెంటర్ తెరుస్తున్నాననీ నువ్వు పంపిన కబురు, బోర్డు డిజైనూ చూశాను. నీ పేరు కింద ‘డిస్లెక్సియా థెరపిస్ట్’ అని పెట్టావు, అంటే చదవడంలో ఇబ్బంది పడే పిల్లల నిపుణురాలివని. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

ఇలాంటి పనులకు మన దేశంలో చట్టం ఉంది, 1992లో వచ్చింది. మేమంతా ఆర్సీఐ అనే భారత పునరావాస మండలి దాని కిందే నడుస్తుంది. గుర్తింపు ఉన్న కోర్సు చదివి, కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్నవాళ్లే పునరావాస నిపుణులుగా ప్రాక్టీస్ చేయాలి. కాదని చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకు ఎవరు భయపడతారు? పైగా ఆ చట్టం వరసగా చెప్పిన వృత్తుల్లో క్లినికల్ సైకాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, స్పెషల్ టీచర్ ఉన్నారు గానీ డిస్లెక్సియా థెరపిస్ట్ అన్న పేరే లేదు. ఆ సందులోంచే వారాంతపు సర్టిఫికెట్లన్నీ దూరుతున్నాయి. ఆ పేరును చేర్చి, అర్హత ఇదీ అని ప్రభుత్వం ఎప్పుడో తేల్చాల్సింది.

మీ అన్నయ్య ఉంటున్న టెక్సాస్‌లో 2009లోనే దీనికి విడిగా లైసెన్సు చట్టం చేశారు. ప్రాక్టీషనర్‌కైతే డిగ్రీ, 45 గంటల పాఠాలు, సీనియర్ల పర్యవేక్షణలో 60 గంటల పని. థెరపిస్టుకు పీజీ, 200 గంటల పాఠాలు, 700 గంటల పని. ఆపైన పరీక్ష. పాఠాలకు మూడున్నర రెట్లు పిల్లల దగ్గర కూర్చోవాలి, గమనించావా? నీ కోర్సులో పిల్లాడి పక్కన కూర్చున్నది ఒక్క గంటైనా ఉందా?

ఆ గంటలు ఎందుకంటే, మూడో తరగతి పిల్లాణ్ణి ఒకణ్ణి నా దగ్గరకు తీసుకొచ్చారు. ‘పుస్తకం’ అని రాసి చూపిస్తే ‘పు’ అన్నాడు, ‘స్త’ దగ్గర ఆగిపోయాడు, పక్కనున్న బొమ్మ వైపు చూసి ‘సంచి’ అనేశాడు. ‘నిన్న గడగడా చదివాడండీ’ అంది వాళ్లమ్మ. నిజమే, ఆ పాఠం వాడికి కంఠతా వచ్చు. గుణింతాలు ఎలాగో దాటాడు, వత్తులో కలిసిపోయిన ధ్వనుల్ని విడదీయడం మాత్రం రాదు. స్, త్, అ అని ఒక్కో ధ్వనికి ఒక్కో గులకరాయి పెట్టించి, విడివిడిగా పలికించి, మళ్లీ దగ్గరకు జరిపిస్తూ రోజుల తరబడి చేయాల్సిన పని అది. అంతకుముందు ఏడాదిన్నర పాటు ఒక సెంటర్‌లో వాడికి రంగు అద్దాలు పెట్టి కంటి వ్యాయామాలు చేయించారు. వాటితో డిస్లెక్సియా తగ్గుతుందనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యులూ కంటి వైద్యులూ కలిసి 2009లోనే ప్రకటించారు. ఆ సెంటర్ నడిపినావిడకి పిల్లలంటే ప్రాణం. కానీ ‘ఇది కాదమ్మా’ అని పక్కన నిలబడి దిద్దేవాళ్లు ఆవిడ నేర్చుకున్నప్పుడు ఎవరూ లేరు. పోయిన ఏడాదిన్నర మాత్రం పిల్లాడిది.

ఇంకొకటి. ‘మీవాడికి డిస్లెక్సియా ఉంది’ అని నువ్వు చెప్పకూడదు. అనుమానం వస్తే పరీక్షకు పంపు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియాను చేర్చారు. 2018 మార్గదర్శకాల్లో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల పరీక్షల వరసను ఖాయం చేశారు. పరీక్షించాల్సింది క్లినికల్ సైకాలజిస్ట్ లాంటి నిపుణులు, ధ్రువపత్రం ఇవ్వాల్సింది ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులు. బోర్డు పరీక్షల్లో అదనపు సమయానికీ, రాసిపెట్టే మనిషికీ ఆ కాగితమే అడుగుతారు. నీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది అక్కడ చెల్లదు. ఆ సంగతి తల్లిదండ్రులకు సరిగ్గా పరీక్షల ముందు తెలుస్తుంది.

సెంటర్ వద్దనడం లేదు అమ్మడూ. నీకున్న ఓపిక ఈ పనికి కావాల్సిందే. ఆర్సీఐ గుర్తింపున్న స్పెషల్ బీఈడీలో చేరు. రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా దాన్ని ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకుంటూ, కొత్తవి నేర్చుకుంటూ ఉండాలి. ఈలోగా రిజిస్టరైన స్పెషల్ టీచర్ ఎవరి దగ్గరైనా సహాయకురాలిగా కూర్చో. ఎవరైనా తల్లి వచ్చి అడిగితే ‘నేను చదువులో సాయం చేసే టీచర్ని, వైద్యం చేసేదాన్ని కాదు’ అని మొదటి రోజే చెప్పు.

బోర్డు రాసే అతనికి అడ్వాన్సు ఇచ్చి ఉంటే, నీ పేరు కింద ఆ హోదా తీసేయమని రేపే చెప్పు. రిజిస్టర్ నంబరు వచ్చాక ఆ నంబరుతో సహా రాయిద్దువు గాని.

ఇట్లు
నీ పిన్ని