జిడ్డు అన్నారని ఆట మార్చకు

గాజువాక, విశాఖపట్నం

చిరంజీవి కన్నాకి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ హాస్టల్లో ఫోను ఆదివారం మాత్రమే ఇస్తారు గనక, ఆ పది నిమిషాలూ మీ అమ్మే మాట్లాడుతుంది గనక, నేను చెప్పదలుచుకున్నది కాగితం మీదే పెడుతున్నాను. మూడు రోజుల మ్యాచ్‌లో ఓపెనింగ్‌కి దిగి లంచ్ దాటేదాకా నిలబడ్డావు, ముప్పై చిల్లర పరుగులు చేశావు. వెనకాల వచ్చినవాళ్లు టపటపా ఔటయ్యారు, మ్యాచ్ పోయింది, నీకు జిడ్డు అని పేరు పెట్టారు. అంతవరకూ బాధ లేదు నాకు. చివర్లో రాశావే, ఇకనుంచి మొదటి ఓవర్ నుంచే బాదేస్తాను, డిఫెన్స్ మానేస్తాను అని, ఆ మాటకి మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

ముందు అన్నం సరిగ్గా తింటున్నావా? మీ అమ్మ అడగమంది. నేనూ అడుగుతున్నాను.

నెమ్మదిగా ఆడితే జట్టుకి మేలా, కీడా అని అడిగావు. దానికి సమాధానం మన ఊళ్లోనే ఉంది, నువ్వూ చూశావు. 2016 నవంబర్, పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో మొట్టమొదటి టెస్టు. నాలుగోరోజు ఆదివారం, మీ నాన్న ఉక్కునగరంలో సి షిఫ్టు దిగి నేరుగా వచ్చి మనల్ని తీసుకెళ్లాడు. ఇంగ్లాండ్ గెలవాలంటే 405 కొట్టాలి. కుక్, హమీద్ దిగారు. 50 ఓవర్ల పైన ఆడి 75 పరుగులు చేశారు. హమీద్‌కి అప్పుడు 19 ఏళ్లు, ఇప్పటి నీకంటే రెండేళ్లే పెద్ద. 144 బంతులు ఎదుర్కొని 25 చేశాడు. నువ్వు నా ఒళ్లో నిద్రపోయావు. నీ టోపీ జారిపోకుండా పట్టుకుని కూర్చుని, ఆ కుర్రాడు ఒక్కో బంతినీ ఎలా చంపుతున్నాడో చూశాను. ముచ్చటేసింది.

తర్వాత ఏమైంది? ఓ బంతి కిందకి జారి హమీద్ వెళ్లాడు. ఆ రోజు ఆట ముగుస్తుండగా జడేజా కుక్‌ని ఎల్బీగా పంపాడు. మర్నాడు 71 పరుగులకి మిగతా ఎనిమిది వికెట్లూ పడ్డాయి. 158 ఆలౌట్. 246 పరుగుల తేడాతో మనవాళ్లు గెలిచారు.

వాళ్లు తప్పు ఆలోచన చేశారని నేననను. ఆ పిచ్ మీద, ఆ లక్ష్యానికి డ్రా ఒక్కటే దారి. కానీ అంతసేపు ఆడి కూడా వాళ్లు మన ఫీల్డింగ్‌ని కదిలించలేకపోయారు. బ్యాట్ చుట్టూ నిలబడ్డ చేతులు చుట్టూనే ఉన్నాయి. అశ్విన్‌కి గానీ జడేజాకి గానీ పరుగులు పోతాయన్న బెంగ లేదు, వేసిన చోటే మళ్లీ వేసుకోవచ్చు. కొత్తగా వచ్చినవాడికి కుక్ అంతసేపు నిలబడినందువల్ల ఒరిగిందేమీ లేదు. అతను మళ్లీ మొదటినుంచి మొదలెట్టుకోవాలి.

మరి వేగంగా ఆడితే? అదీ అదే స్టేడియంలో చూశాం. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లాండ్‌కి 399 లక్ష్యం. ఈసారి వాళ్లు జిడ్డు జోలికే పోలేదు. 69 ఓవర్ల రెండు బంతుల్లో 292 చేసి ఆలౌటయ్యారు, 106 పరుగులతో ఓడారు. మెల్లగా ఆడినవాళ్లూ ఓడారు, వేగంగా ఆడినవాళ్లూ ఓడారు. కాబట్టి మీ డ్రెస్సింగ్ రూమ్‌లో జరుగుతున్న వాదన మొదలే సరైంది కాదు. ఎన్ని బంతులు తిన్నావన్నది కాదు కన్నా, ఆ బంతులు తిని ఎవరికి ఏం మిగిల్చావు అన్నది చూడాలి.

2024 మ్యాచ్‌లో స్టోక్స్ ఎలా ఔటయ్యాడో గుర్తుందా? రనౌట్. శ్రేయస్ అయ్యర్ నేరుగా వికెట్లకి కొట్టాడు. అంత దూకుడు జట్టు కెప్టెన్, ఒక్క పరుగు దగ్గర అంత తీరిగ్గా పరిగెత్తాడు! ఇదే నేను నీకు అసలు చెప్పదలుచుకున్నది. సింగిల్. నీ ఉత్తరంలో ఆడిన బంతుల లెక్క ఉంది, కొట్టిన ఫోర్ల లెక్క ఉంది, తగిలిన దెబ్బల లెక్క కూడా ఉంది. తీసిన సింగిల్స్ గురించి ఒక్క ముక్క లేదు. వదిలేసిన వాటి గురించి అసలే లేదు.

హైదరాబాద్ జైసింహ గురించి నీకు చెప్పానో లేదో. చొక్కా కాలర్ ఎత్తుకుని నడిచొస్తుంటే చూడ్డానికే జనం వచ్చేవారట. అంత సొగసైన ఆటగాడు 1960 డిసెంబర్‌లో కాన్పూర్‌లో పాకిస్తాన్ మీద 8 గంటలకు పైగా ఆడి 99 చేశాడు. 99 దగ్గర ఏమయ్యాడనుకున్నావు? రనౌట్. మా నాన్న ఆ సంగతి ఎప్పుడు చెప్పినా గొంతు వణికేది. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులకి ఐదూ డ్రా. అంతకుముందు 1954-55లోనూ ఆ రెండు జట్ల మధ్య ఐదుకి ఐదూ డ్రానే. గెలవాలన్న ఆశని ఓడిపోతామన్న భయం మింగేసింది. అలాంటి నెమ్మదితనం ఆటకే కీడు. నువ్వు ఎప్పుడైనా ఆ భయంతో బ్యాట్ అడ్డం పెడుతున్నావా అని నిన్ను నువ్వే అడుక్కో. నాకు చెప్పక్కర్లేదు.

ఇక సింగిల్ విలువ సంగతి. పోర్టు జట్టులో నాకు జోడీగా ఓపెనింగ్‌కి దిగిన అన్నయ్య ఒకాయన ఉండేవాడు, క్రేన్ ఆపరేటర్. అప్పట్లో మాకు మ్యాటింగ్ పిచ్‌లే. కొబ్బరి పీచు మ్యాట్ మీద బంతి లేస్తే గడ్డానికి వచ్చేది, హెల్మెట్లు ఎక్కడివి! ఆయన దగ్గర పెద్ద షాట్లు లేవు. కవర్స్ వైపు చేతులు వదులుగా పెట్టి బంతిని అలా చంపి, "రా!" అని అరిచేవాడు. వించ్‌ల మోతలో అరిచి అరిచి తయారైన గొంతు అది, బౌండరీ దగ్గర టీ అమ్ముకునేవాడు కూడా ఉలిక్కిపడి చూసేవాడు. అలా నాలుగైదు తీసేసరికి కవర్ ఫీల్డర్ ముందుకొస్తాడు. ముందుకొచ్చాడా, వాడి పక్కనుంచి ఫోర్. బౌలర్‌కి కోపమొచ్చి లైన్ మారుస్తాడు. లైన్ మారిస్తే కాళ్ల మీద పడుతుంది, అక్కడ నేనుంటాను. స్కోరు చూస్తే ఇద్దరం మెల్లగానే ఆడినట్టుండేది. ఎదుటి జట్టు మాత్రం అలిసిపోయేది. ఆట అయ్యాక ఆయన మమ్మల్నందరినీ బీచ్‌కి తీసుకెళ్లి మురీ మిక్చర్ కొనిపెట్టేవాడు, నిమ్మకాయ ఎక్కువ పిండించుకుని. ఇప్పుడు లేడాయన. నీ ఆట చూసి ఉంటే నిన్ను భుజాన వేసుకుని తిప్పేవాడు.

మెల్లగా ఆడటంలో మేలూ కీడూ రెండూ ఒకే చోట చూడాలంటే సిడ్నీ టెస్టు. 2021 జనవరి. మొదటి ఇన్నింగ్స్‌లో పుజారా 176 బంతులాడి 50 చేశాడు. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో మనకి మూడు రనౌట్లు! 244కే ఆలౌట్. మరీ మెల్లగా ఆడి మిగతావాళ్ల మీద భారం పెంచాడని పుజారాని విమర్శించారు, అందులో కొంత నిజముంది. అదే మ్యాచ్ ఐదో రోజు చూడు. పంత్ 118 బంతుల్లో 97 కొట్టి ఆస్ట్రేలియా వాళ్లని బెదరగొట్టాడు, పుజారా 205 బంతులాడాడు. ఆ తర్వాత మన కాకినాడ విహారి, అశ్విన్. విహారికి పరుగు తీస్తూనే తొడ కండరం పట్టేసింది. ఇక సింగిల్ మాటే లేదు, నిలబడ్డమే. 161 బంతుల్లో 23 నాటౌట్. ఇద్దరూ కలిసి 259 బంతులాడి 62 పరుగులే జోడించి మ్యాచ్ కాపాడారు. ఆ డ్రా వల్ల సిరీస్ 1-1గా నిలిచింది. వారం తిరక్కుండానే మొదలైన గబ్బా టెస్టులో ఆఖరి రోజు పుజారా ఒళ్లంతా దెబ్బలు తింటూ 211 బంతులాడి 56 చేశాడు. అలిసిపోయిన బౌలర్లని పంత్ చివరిదాకా ఉండి చీల్చేశాడు. 328 లక్ష్యం ఛేదించాం. పుజారా లేని పంత్‌ని, పంత్ లేని పుజారాని ఊహించుకుని చూడు, ఆ సిరీస్ మనది కాదు.

నీ ఈడువాళ్లకి పాతవి నచ్చవని తెలుసు, అయినా ఇంకొకటి. 1976లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్ 403 లక్ష్యం పెడితే 406 కొట్టి గెలిచాం. గావస్కర్, విశ్వనాథ్ సెంచరీలు అందరికీ గుర్తు. ఒక వైపు మొహిందర్ అమర్‌నాథ్ గంటల తరబడి పాతుకుపోయి 85 చేశాడు. నెమ్మదిగా ఆడి టెస్టు గెలిపించిన ఇన్నింగ్స్ అది. అందులోనూ విశ్వనాథ్, అమర్‌నాథ్ ఇద్దరూ రనౌటే, చూశావా!

మన గాజువాక నితీశ్ మాటే తీసుకో. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో అతని 114 చూసి మన వీధంతా టపాకాయలు కాల్చింది. అవతల వాషింగ్టన్ సుందర్ 162 బంతులాడి 50 చేశాడు, ఇద్దరూ కలిసి 127. సుందర్ నిలబడకపోతే నితీశ్‌కి ఆ ఇన్నింగ్స్ లేదు. 99 దగ్గర బుమ్రా ఔటైతే సిరాజ్ మూడు బంతులు కాచాడు. పరుగులేమీ రాని ఆ మూడు బంతుల విలువ నితీశ్ నాన్న ముత్యాలరెడ్డి గారిని అడుగు, గ్యాలరీలో ఆ తండ్రి కన్నీళ్లు మనందరం చూశాం. అదే మ్యాచ్ ఆఖరి రోజు పంత్ 104 బంతులు ఓపిగ్గా ఆడి, టీ తర్వాత ఒక్క గాలి షాట్‌తో వెళ్లాడు. 34 పరుగులకి ఏడు వికెట్లు పోయాయి. అందరూ ఆ షాట్‌నే తిట్టారు. నాకు మాత్రం ఆ సెషన్‌లో ఒకటీ రెండూ తీసి బౌలర్ల లెక్క చెడగొట్టినవాడు లేడే అన్న బాధ ఎక్కువ.

అందుకని డిఫెన్స్ మానకు. నీ డిఫెన్స్ నీ ఆస్తి, అది నేర్పితే రాదు. దానికి సింగిల్ జత చెయ్యి. నెట్స్‌లో బ్యాట్ హ్యాండిల్ కింది చెయ్యి వదులుగా పట్టుకుని బంతిని కాళ్ల ముందే చచ్చేలా ఆడు, రోజూ ఓ గంట. ఫీల్డర్లలో ఎడమచేతి వాటం ఎవరిది, భుజం నొప్పి ఎవరికి అని మొదటి ఓవర్‌లోనే చూసుకో. నాన్ స్ట్రైకర్‌గా ఉన్నప్పుడు బ్యాట్ మీద వాలి నిలబడకు. బౌలర్ చేతిలోంచి బంతి వదిలాకే కదులు, కదిలాక మాత్రం ఆగకు. గట్టిగా పిలువు. నీది చిన్నప్పటినుంచీ మెత్తటి గొంతు, మీ అమ్మమ్మ పోలిక. మైదానంలో అది పనికిరాదు నాన్నా, సిగ్గుపడకుండా అరవాలి.

వచ్చే వారం మీ నాన్న స్నేహితుడు అటు వస్తున్నాడు, మాడుగుల హల్వా డబ్బా, కొత్త స్పైక్స్ పంపిస్తున్నాను. స్పైక్స్ బిగుతుగా ఉంటే వెంటనే చెప్పు, మార్పిస్తాను. హల్వా నిన్ను జిడ్డు అన్నవాళ్లకి కూడా పెట్టు. వాళ్లే రేపు నీ అవతల ఎండ్‌లో పరిగెత్తాల్సినవాళ్లు. ఈసారి ఉత్తరంలో మ్యాచ్‌లో ఎన్ని సింగిల్స్ తీశావో, ఎన్ని వదిలావో తేదీలు వేసి రాయి. మోకాలికి నూనె రాయడం మానకు.

ప్రేమతో,
మీ తాతయ్య