కారు కారుతోందా?

పిల్లలూ, ‘కారు’ అంటే మనం ఎక్కే బండి. ఈ మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది. ‘కారు’ అంటే చుక్కలుగా జారడం కూడా. ఇది అచ్చంగా మన మాట. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసే రోజు బదిలీల కుటుంబాలకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది: “నాన్నా, మన కారు కారుతోంది!”

బస్తర్‌లో ఉన్న మనకు ఇది చిన్న కబురు కాదు. జగ్దల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లినా, కోరాపుట్, సాలూరు మీదుగా విశాఖ వెళ్లినా దాదాపు 300 కిలోమీటర్లు. అటు కేశ్‌కాల్ ఘాటు మలుపులు, ఇటు సాలూరు ఘాటు. మధ్యలో అడవి. గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గిన బండి సరిగ్గా ఎత్తు ఎక్కేటప్పుడే మొరాయిస్తుంది. సామాను లారీ ముందు వెళ్లిపోయి, మనం వెనక ఘాటులో ఆగిపోతే ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అందుకే ఆ జబ్బును ఇంటి దగ్గరే ఎలా కనిపెట్టాలో నేర్చుకుందాం.

1. ముందు సరైన మాట

మెకానిక్‌కు ఫోన్ చేసి “ఏదో లీకు” అంటే ఆయనకు ఏమీ తెలియదు. మన భాషలో ఇంతకన్నా మంచి మాటలున్నాయి. పైన తడి మెరుస్తూ దుమ్ము అంటుకుంటే చెమర్చింది అంటాం. ఆగి ఆగి ఒక్కో చుక్క రాలితే బొట్లు పడుతున్నాయి అంటాం. ఆగకుండా జారితే కారుతోంది అంటాం. చెమర్చితే గమనిస్తూ ఉండవచ్చు. బొట్లు పడితే త్వరలో బాగుచేయాలి. కారుతుంటే బండి కదపకూడదు.

2. రాత్రి కాగితం పరీక్ష

బస్తర్ వానల్లో తడి నేల మీద ఏమీ తెలియదు. బండిని పొడి నేల మీద ఆపి, కింద అట్టముక్క గానీ పాత వార్తాపత్రిక గానీ పరవాలి. నాలుగు చక్రాల చోట్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. పొద్దున మరక ఏ రంగులో, ఏ చక్రానికి దగ్గరగా ఉందో చూడాలి.

ఎర్రగా, జారుడుగా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ కావచ్చు. అది పాతబడితే గోధుమ రంగుకు తిరుగుతుంది. కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్‌కూ ఎర్ర ఆయిలే వాడతారు. చిక్కగా, గంధకం వాసనతో ఉంటే క్లచ్చు తొక్కే బండి గేర్ ఆయిల్ కావచ్చు. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. రంగూ వాసనా లేకపోతే ఏసీ నీళ్లు, భయం లేదు.

కొన్ని కూలెంట్లు కూడా ఎర్రగా ఉంటాయి. అప్పుడు చుక్కను గిన్నెడు నీళ్లలో వేయించి చూడండి. ఆయిల్ తేలుతుంది, కూలెంట్ కలిసిపోతుంది. కూలెంట్ విషం, రుచి చూడకూడదు. బ్రేక్ ఆయిల్ కూడా నీళ్లలో కలుస్తుంది. అదని అనుమానం వస్తే బండి తీయనే వద్దు.

3. ఊట ఎక్కడ?

చుక్క పడిన చోటే చిల్లు ఉండదు. బండి నడుస్తుంటే గాలికి ఆయిల్ వెనక్కీ కిందికీ పాకుతుంది. కాబట్టి గేర్‌బాక్సును శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, పౌడర్ చల్లాలి. కొద్ది దూరం నడిపి వచ్చాక టార్చితో చూస్తే పౌడర్ మీద తడి గీత కనబడుతుంది. ఆ తడిలో అన్నిటికన్నా పైన, ముందు ఉన్న చోటే ఊట.

సాధారణంగా అది నాలుగు చోట్ల ఉంటుంది: డ్రెయిన్ బోల్టు వాషర్, ఆయిల్ పాన్ గాస్కెట్, చక్రానికి వెళ్లే ఇరుసు దగ్గరి ఆయిల్ సీల్, కూలర్‌కు వెళ్లే గొట్టాలు.

4. ఇంట్లో అయ్యేది, కానిది

కింద దూరే పని పెద్దలదే. మన పని టార్చి పట్టడం, రాసి ఉంచడం. నేల చదునుగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద ఎత్తిన బండి కిందకు ఎవరూ వెళ్లకూడదు, స్టాండ్లు తప్పనిసరి. ఆయిల్ చల్లారాకే మొదలుపెట్టాలి.

క్లచ్చు బండిలో డ్రెయిన్ బోల్టు వాషర్ మార్చడం ఇంట్లో అయ్యే పని. ఇక్కడ ఒక సూత్రం ఉంది: ఆయిల్ నింపే బోల్టు ఊడుతుందో లేదో ముందు చూసుకున్నాకే, కింది బోల్టు విప్పాలి. పైది బిగుసుకుపోయి, కిందిది విప్పేస్తే బండి ఖాళీ కడుపుతో కూర్చుంటుంది. తర్వాత ఆయిల్‌ను తొట్టిలోకి దించి, కొత్త వాషర్ వేసి, బండి పుస్తకంలో చెప్పినంతే బిగించాలి. అతిగా బిగిస్తే అల్యూమినియం మరలు అరిగిపోతాయి. అదే పుస్తకంలో రాసిన రకం ఆయిల్‌నే, చాలా బండ్లలో నింపే రంధ్రం అంచు దాకా పోయాలి.

గాస్కెట్ దగ్గర బోల్టులు వదులైతే ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవచ్చు. ఇరుసు సీల్ పోయినా, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ నడుమ తడి ఉన్నా వర్క్‌షాపుకే. ఆటోమేటిక్‌లో ఆయిల్ మట్టం చూసే పద్ధతి బండికో రకంగా ఉంటుంది. చాలావాటికి ఇంజిన్ వేడెక్కి నడుస్తుండగా చూడాలి. కొన్నిటికి కొలపుల్లే ఉండదు.

పని అయ్యాక మళ్లీ కాగితం పరవాలి. తెల్లారి అది పొడిగా ఉంటేనే జబ్బు నయమైనట్టు. దించిన పాత ఆయిల్‌ను నేల మీద పోయకూడదు. ఇక్కడి వాన దాన్ని వాగులోకీ, అక్కడి నుంచి ఇంద్రావతిలోకీ చేరుస్తుంది. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వాలి.

బండిని రోజూ చూసేది పెద్దలే అయినా, వంగి కిందికి చూసే అలవాటు పిల్లలదే. ఘాటు ఎక్కక ముందే మీరు చెప్పే ఒక్క సరైన మాట ఇంటిల్లిపాదినీ క్షేమంగా ఊరు చేరుస్తుంది.

అభ్యాసం

1. చెమర్చు, ఊరు, ఒలుకు, చిమ్ము: ఒక్కోదాన్ని సొంత వాక్యంలో రాయండి.
2. గోండీలో నీటిని ‘ఏర్’ అంటారు. దీన్ని వింటే మీకు ఏ తెలుగు మాట గుర్తొస్తుంది?
3. మీ బండి కింద ఒక రాత్రి కాగితం పరిచి, పొద్దున చూసింది ఐదు వాక్యాల్లో రాయండి.