గడియ చప్పుడు కానీయకు

చి॥ శ్రీనుకి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరం అందింది. గడ్డిలో కృష్ణజింక పిల్ల ఒంటరిగా పడి ఉందనీ, తల్లి వదిలేసిందనీ, క్వార్టర్సుకు తెచ్చి సీసాతో పాలు పట్టాలనుందనీ రాశావు. వద్దు నాన్నా. ఇప్పటికే ఎత్తుకొచ్చి ఉంటే ముందు డాక్టరు గారికి చెప్పు.

తల్లి వదల్లేదు. మొదటి కొద్ది రోజులూ కృష్ణజింక పిల్లను గడ్డిలో దాచి, తను దూరంగా మేస్తుంది. పక్కనే నిలబడితే నక్కకో తోడేలుకో చోటు చూపించినట్టే. పాలివ్వడానికి మాత్రం వచ్చి పోతుంది. నక్క అడుగుపెట్టలేని జూలోనూ ఆ జాగ్రత్త మారదు. పిల్ల కదలకపోవడం నీరసం కాదు, అది దాక్కునే తీరు.

పైగా మగపిల్ల అంటున్నావు. సీసాపాలతో పెరిగిన మగజింకకు మనిషంటే భయం పోతుంది, మనిషీ తన జాతే అనుకుంటుంది. మూడో ఏట ఒళ్లు నల్లబడి, కొమ్ములు మెలి తిరిగాక, పాలు పట్టినవాణ్నే పోటీ మగదనుకుని కుమ్ముతుంది. పెదనాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో తోటి కీపరు తొడలో అలాగే కొమ్ము దిగింది. పాపం, ఆస్పత్రి మంచం మీద కూడా అతను దాని మేత సంగతే అడిగాడు. నీదీ అలాంటి మనసే. అందుకే భయం.

ఇక అసలు సంగతి, గడియ. మీ ఎన్‌క్లోజరు గేటు గడియకు నూనె వేశావా? దాన్ని వదిలేస్తే టపీమని కొట్టుకుంటుందా, చేత్తో పట్టుకుని దించుతున్నావా? లోపలికి వెళ్లే ముందు కాస్త గొంతు వినిపిస్తున్నావా? మేత బకెట్టు కింద పడేస్తున్నావా? తాళంచెవుల గుత్తి నడుముకు వేలాడుతుంటే తీసి జేబులో పెట్టుకో. నవ్వకు. పొలాల్లో గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువు అది. జూలో బెదిరితే నాలుగు అంగల్లో కంచె తగులుతుంది. దుప్పి కొమ్ము రాలితే ఏటా కొత్తది వస్తుంది. కృష్ణజింక కొమ్ము విరిగితే మళ్లీ రాదు.

కొమ్ము పోతే పోయింది, ప్రాణమే పోతుంది ఒక్కోసారి. పక్క కల్యాణమండపంలో తారాజువ్వలు కాల్చిన రాత్రి ఒక ఆడజింక తెల్లవార్లూ కంచె వెంట పరిగెత్తింది. ఒంటి మీద గీత కూడా లేదు. మర్నాటికి వెనకకాళ్లు బిగుసుకుపోయి, ఆ తర్వాత చనిపోయింది. విపరీతమైన భయంతో, పరుగుతో కండరాలు లోలోపలే చెడి, ఆ విషం మూత్రపిండాలకూ గుండెకూ పాకుతుందని డాక్టరు గారు చెప్పారు. వల వేసి పట్టిన జింకలు ఒక్కోసారి తర్వాత చనిపోయేదీ ఇందుకే.

బెదరకుండా అలవాటు చేయడమూ కుదురుతుంది. 1990ల్లో అమెరికాలోని డెన్వర్ జూలో జంతువుల ప్రవర్తనను పరిశోధించే టెంపుల్ గ్రాండిన్, ఆమెతో పనిచేసినవాళ్లు నయాలా, బోంగో అనే ఆఫ్రికా జింకలకు మత్తుమందు లేకుండానే రక్తం తీయగలిగారు. మేత ఆశ చూపి పెట్టెలో నిలబడడం నేర్పారు. అంతకన్నా ముందు చేసింది తలుపు చప్పుడు అలవాటు చేయడం! కొద్దిగా కదిపేవారు, జింక తల తిప్పి చూడగానే ఆపేసేవారు. అంత ఓపిక నీకూ ఉంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాంగా.

చప్పుడే కాదు, చిన్న కదలికకూ బెదురుతాయవి. పెళ్లయిన కొత్తలో పెద్దమ్మను వనస్థలిపురం హరిణ వనస్థలికి తీసుకెళ్లాడు పెదనాన్న. మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఏర్పాటైన పార్కు అది. గాలికి ఆవిడ పమిట రెపరెపలాడింది. ఒక ఆడజింక నిటారుగా పైకెగిరింది, వెంటనే మందంతా ఎగిరింది. పెద్దమ్మ సంబరపడి చప్పట్లు కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతుంది.

నీ మందలో ప్రతిదాని గుణమూ తెలుసుకో. తొట్టి దగ్గరికి ముందొచ్చేదేది, అందరూ తిన్నాక వచ్చేదేది, రెండోదానికి మేత మిగులుతోందా? పెద్ద మగది ఎప్పుడూ ఒకేచోట పెంటికలు వేస్తుంది, కంటి దగ్గరి గ్రంథిని పుల్లలకు రాస్తుంది. ఆ చోటు దాని రాజ్యం, అటువైపు నుంచి చీపురుతో వెళ్లకు. ముట్టె ఎత్తి, కొమ్ములు వీపు మీదికి వాల్చి, గుర్రుమంటూ నడుస్తుంటే లోపలికే పోకు.

బోనులో బతుకు ఎందుకని బాధపడుతూ రాజీనామా రాసిపెట్టుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ బాధ మంచిదే. కానీ అరేబియా ఓరిక్స్ అనే ఎడారి జింక సంగతి చూడు. 1963లో అమెరికాలోని ఫీనిక్స్ జూలో కొన్నిటిని పెంచడం మొదలుపెట్టారు. 1972లో ఎడారిలో మిగిలిన చివరివి వేటగాళ్ల చేతిలో పోయాయి. జూల్లో పుట్టినవాటినే 1982లో ఒమన్ ఎడారిలో వదిలారు. వాటిని సాకినవాళ్లూ నీలాంటి కీపర్లే.

వేళకు తిను. ఆ పిల్ల తల్లి వెంట మందలో కలిసి మేసేదాకా ఆగు, ఆ రాజీనామా కాగితం అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న